పెరటి పందిరికి సూర్యుని పలకలు

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా కామారెడ్డిలో జరిగిన సభలో సంఘ సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబర్ 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. పెన్షన్ అనేది దయాధర్మం కాదు, హక్కు అని ఆ తీర్పు చెప్పింది. అందుకే ఏటా ఈ రోజున మనం కలుసుకుంటున్నాము. కార్యదర్శిగారు నన్ను పిలిచి, "మాస్టారూ, ఈసారి హక్కుల మాట మేము చూసుకుంటాం, మీరు సోలార్ గురించి పది మాటలు చెప్పండి. అందరూ అదే అడుగుతున్నారు" అన్నారు. నేను భౌతికశాస్త్రం చెప్పిన పంతుల్ని. పది మాటలతో ఆపడం నాకు చేతకాదు. కొంచెం ఓపిక పట్టవలసిందిగా ముందుగానే మనవి చేస్తున్నాను.

ఈ ఉపన్యాసానికి నా అర్హత ఒక్కటే. రెండు తప్పులు దగ్గరుండి చూశాను. ఒకటి కామారెడ్డిలో నేను చేసినది. రెండవది ఎల్లారెడ్డిలో మా వియ్యంకుడుగారు చేసినది. ఈ రెండూ తెలిస్తే మీరు మూడవది చేయకుండా ఉంటారని నా ఆశ.

మొదటి తప్పు

మా ఇంటి స్లాబు మీద, మెట్ల గది పైన సోలార్ పలకలు పెట్టించాను. ఎత్తుగా ఉంటే ఎండ బాగా తగులుతుందని మురిసిపోయాను. అయితే ఆ పలకలను తుడిచేవాడు ఎవడు అన్న ప్రశ్న అప్పుడు నాకు తట్టలేదు. తుడవకపోతే దుమ్ము పేరుకుంటుంది. దుమ్ము పేరుకుంటే కరెంటు తగ్గుతుంది. మన దగ్గర వరికోతల కాలంలో లేచే దుమ్ము, పొట్టు సంగతి మీకు చెప్పనక్కరలేదు. ఒక కార్తీక మాసం ఉదయాన నిచ్చెన వేసుకొని, బకెట్టు పట్టుకొని పైకెక్కాను. దిగేటప్పుడు తడి కాలు జారింది. మణికట్టు విరిగింది. ఆరు వారాలు పిండికట్టు. డెబ్బయ్యో పడిలో పడ్డవాడికి విరిగినది చెయ్యి కావడం అదృష్టమే. తుంటి విరిగి ఉంటే ఈ రోజు మీ ముందు నిలబడేవాణ్ణి కాను.

నన్ను చూడవచ్చిన మా వియ్యంకుడుగారు పిండికట్టు వంక చూసి, "బావగారూ, నేనైతే కింద పెరట్లోనే పందిరి వేయించుకుంటా. కింద నీడ, పైన కరెంటు. నేల మీద నిలబడే తుడుచుకుంటా" అన్నారు. ఆలోచన నూటికి నూరు పాళ్లు సరైనది. మన వయసు వారికి పెరటి పందిరి అన్నిటికన్నా క్షేమమని ఇప్పటికీ నా అభిప్రాయం. పొడుగాటి కర్రకు మెత్తని తుడుపు కట్టుకుంటే నిచ్చెన అవసరం చాలా మటుకు తప్పుతుంది. వారి ఆలోచనలో తప్పు లేదు, వేసిన పందిరిలోనే ఉంది.

రెండవ తప్పు

ఎల్లారెడ్డిలో వారి పెరడు విశాలమైనది. పడమటి మూల పెద్ద వేపచెట్టు. షాబాదు బండలు పరిచిన నేల. ఒక వెల్డింగు షాపు అతనికి పని అప్పగించారు. అతడు పల్చటి పైపులతో చట్రం కట్టి, నాలుగు స్తంభాలనూ ఆ బండలకే బోల్టులతో బిగించాడు. గుంతలు తీయలేదు, కాంక్రీటు పోయలేదు. "పలకలు తేలికే సార్, ఏం కాదు" అన్నాడట. పైన ఆరు పలకలు పెట్టారు. చూడముచ్చటగా ఉంది. నేనూ చూసి మెచ్చుకున్నాను. కాబట్టి ఆ తప్పులో నాకూ వాటా ఉంది.

ఏప్రిల్ నెలలో ఒక సాయంత్రం గాలిదుమారం వచ్చింది. మా ఇద్దరి మనవరాలు ఆ పందిరి కింద మంచం మీద కూర్చొని బొమ్మలు వేసుకుంటున్నది. మా వియ్యపురాలు మబ్బు చూసి, "లోపలికి రావే, వాన వచ్చేటట్టుంది" అని పిల్లను కేకవేశారు. పిల్ల గడప దాటి అయిదు నిమిషాలు కాలేదు, గాలి పందిరిని ఒక పక్క పైకి లేపి మళ్లీ కింద పడేసింది. రెండు పలకలు పగిలాయి. ఒక స్తంభం మంచం మీద వాలింది.

పలకలకు గ్యారంటీ ఉన్నది కదా అంటారేమో. పలకలో తయారీ లోపం ఉంటే గ్యారంటీ పనిచేస్తుంది. పందిరి కూలితే పనిచేయదు. ఆ సొమ్ము వారు తమ జేబులోంచే పెట్టుకున్నారు. సొమ్ము సంగతి సరే, ఆ అయిదు నిమిషాల మాట తలచుకుంటే నాకిప్పటికీ నిద్ర పట్టదు.

లెక్క చెప్పనివ్వండి. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న 540 వాట్ల పలక సుమారు ఏడున్నర అడుగుల పొడవు, మూడు ముప్పావు అడుగుల వెడల్పు ఉంటుంది. బరువు 28 కిలోల వరకు ఉంటుంది. ఆరు పలకలంటే 170 కిలోలు. వెల్డింగు అతను చూసిన లెక్క ఇంతవరకే. ఇక గాలి లెక్క చూడండి. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వీచే గాలి తనకు ఎదురు నిలిచిన ప్రతి చదరపు మీటరు మీద సుమారు 47 కిలోల బరువుకు సమానమైన బలం చూపిస్తుంది. ఆరు పలకల విస్తీర్ణం 15 చదరపు మీటర్ల పైమాటే. అంటే ఏడు క్వింటాళ్ళ బలం. వాలుగా ఉన్న పందిరి కింద దూరిన గాలి, విసనకర్రను ఎగరేసినట్టు దాన్ని పైకి లేపుతుంది. పందిరి బరువు రెండు మూడు క్వింటాళ్ళు, లేపే బలం ఏడు క్వింటాళ్ళ దాకా. అందుచేత సోలార్ పందిరి కూలిపోకుండా కాదు, ముందు ఎగిరిపోకుండా చూసుకోవాలి.

తిరిగి వేసేటప్పుడు బండలు తీయించి, ఒక్కొక్క స్తంభానికి ఒకటిన్నర అడుగుల చదరం, మూడు అడుగుల లోతు గుంత తీయించారు. ఘనపుటడుగు కాంక్రీటు 68 కిలోల దాకా తూగుతుంది. అంటే ఒక్కొక్క గుంతలో నాలుగున్నర క్వింటాళ్ళు, నాలుగింటిలో 18 క్వింటాళ్ళు. ఏడు క్వింటాళ్ళ గాలి దానిని కదిలించలేదు. స్తంభాలను ఆ కాంక్రీటులోనే దించి, మూలలకు అడ్డ కమ్మీలు వేయించారు. మీది నల్లరేగడి నేల అయితే ఇంకా లోతు అవసరం కావచ్చు. ఇంజనీరును ఒకసారి పిలిచి చూపించండి. మన సంఘంలోనే రిటైరైన ఇంజనీర్లు ఉన్నారు, టీ ఇస్తే చాలు వచ్చి చూస్తారు.

ముందు బిల్లు తీసి చూడండి

ఇప్పుడు అసలు సంగతికి వద్దాము. పలకలు ఎంచుకునే ముందు, అవి మనకు అవసరమా అని తేల్చుకోవాలి. పోయిన 12 నెలల కరెంటు బిల్లులు ముందేసుకొని కూర్చోండి.

తెల్ల రేషన్ కార్డు ఉన్న కుటుంబాలకు 2024 మార్చి నుంచి గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల వరకు ఉచితం. ఆ లబ్ధి పొందుతున్న ఇల్లయితే తొందరపడి సోలార్ జోలికి పోనక్కరలేదు. మనలో చాలామంది ఆ పరిధిలోకి రారు కనుక మన లెక్క వేరు.

ఒక కిలోవాటు పలకలు మన ప్రాంతంలో ఏడాది సగటున రోజుకు నాలుగు యూనిట్లు, అంటే నెలకు 120 యూనిట్లు ఇస్తాయని లెక్క వేసుకోవచ్చు. వానాకాలంలో తగ్గుతుంది, మాఘ ఫాల్గుణాల్లో పెరుగుతుంది.

రెండు ఇళ్ళను తీసుకుందాం. 2022-23 టారిఫ్ స్లాబుల ప్రకారం చెబుతాను. మీరు మీ బిల్లు మీద ఉన్న రేటుతో సరిచూసుకోండి. స్థిర ఛార్జీలు, సుంకం ఇందులో కలపడం లేదు.

మొదటి ఇల్లు నెలకు 150 యూనిట్లు కాలుస్తుంది. మొదటి 100 యూనిట్లకు 3 రూపాయల 40 పైసల చొప్పున 340 రూపాయలు, తక్కిన 50కి 4 రూపాయల 80 పైసల చొప్పున 240 రూపాయలు. వెరసి 580. ఒక కిలోవాటు పెడితే 120 యూనిట్లు పోయి 30 యూనిట్లు మిగులుతాయి. వాటి బిల్లు 58 రూపాయల 50 పైసలు. నెలకు మిగిలేది 520 రూపాయల చిల్లర. సబ్సిడీ పోను పలకలకు 45,000, పందిరికి 30,000 అయిందనుకుందాం. ఆ 75,000 తిరిగి రావడానికి పన్నెండేళ్ళు పడుతుంది.

రెండవ ఇల్లు 400 యూనిట్లు కాలుస్తుంది. ఏసీ ఉంది, బోరు మోటారు ఉంది. 200కి 5 రూపాయల 10 పైసల చొప్పున 1,020. తరువాతి 100కి 7 రూపాయల 70 పైసల చొప్పున 770. ఆపైన 100కి 9 రూపాయల చొప్పున 900. వెరసి 2,690. మూడు కిలోవాట్లు పెడితే 360 యూనిట్లు పోయి 40 మిగులుతాయి. వాటి బిల్లు 78 రూపాయలు. నెలకు 2,612 రూపాయలు మిగులుతాయి. సబ్సిడీ పోను 1,22,000, పందిరికి 50,000 అయిందనుకున్నా, మొత్తం 1,72,000 అయిదున్నర ఏళ్ళలో వచ్చేస్తుంది.

గమనించారా? ఎక్కువ కాల్చే వానికి సోలార్ త్వరగా గిట్టుతుంది, తక్కువ కాల్చే వానికి ఆలస్యంగా గిట్టుతుంది. 150 యూనిట్ల ఇంటివారు కేవలం పలకల కోసమని పందిరి వేయడం దండగ. నీడ కోసం ఎటూ పందిరి వేయాలనుకుంటే అది వేరే మాట. ఇక అమ్మేవాడు మీ అవసరానికి మించి అయిదు కిలోవాట్లు అంటగట్టబోతే ఒప్పుకోకండి. మనం వాడుకోగా మిగిలి గ్రిడ్‌కు పోయే యూనిట్లకు వచ్చే ధర, మనం పై స్లాబులో కొనే ధర కంటే తక్కువ. సబ్సిడీ కూడా మూడు కిలోవాట్ల దగ్గర ఆగిపోతుంది.

సబ్సిడీ సంగతి

2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం పీఎం సూర్యఘర్ పథకాన్ని ప్రారంభించింది. కోటి ఇళ్ళకు సోలార్ పెట్టించడం దాని లక్ష్యం. పథకం ప్రకారం మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకు 30,000 చొప్పున, మూడవ కిలోవాటుకు 18,000. ఆ తరువాత ఎంత పెట్టినా 78,000 దాటదు. మొత్తం డబ్బు ముందు మనమే కట్టాలి. మీటరు బిగించి పరిశీలన పూర్తయ్యాక సబ్సిడీ మన బ్యాంకు ఖాతాలో పడుతుంది. తాకట్టు లేకుండా బ్యాంకు రుణమూ ఉంది. మన వయసు వారికి ఇస్తారా, కొడుకునో కోడలినో సహ దరఖాస్తుదారుగా చేర్చమంటారా అన్నది ముందే అడిగి తెలుసుకోండి.

దీనికి మూడు షరతులు గుర్తుంచుకోండి. పలకలు, వాటిలోని సెల్స్ కూడా మన దేశంలో తయారైనవే కావాలి. విక్రేత పథకంలో నమోదైన వాడే కావాలి. అతడు అయిదేళ్ళ పాటు నిర్వహణ చూడాలి. పెరటి పందిరి విషయంలో ఇంకొక మాట. ఎత్తైన చట్రం మీద పెట్టే పలకలకూ పథకంలో చోటుంది. అయినా మీ పందిరి కొలతలతో ఒక బొమ్మ గీసి, కరెంటు ఆఫీసులో ముందుగా చూపించి, సరేననిపించుకున్నాకే గుంతలు తీయండి. మన రెండు ఊళ్ళూ ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థ పరిధిలోవే.

అన్నిటికన్నా ముందు సర్వీసు ఎవరి పేర ఉందో చూసుకోండి. మనలో సగం మంది ఇళ్ళ మీటర్లు ఇప్పటికీ కీర్తిశేషులైన తండ్రులు, తాతల పేర్ల మీదే ఉన్నాయి. పేరు మార్పు చేయించుకొని తరువాత దరఖాస్తు పెట్టండి. ఇక సబ్సిడీ ఇప్పిస్తామని ఫోన్ చేసి ఓటీపీ అడిగేవారు కొందరున్నారు. లైఫ్ సర్టిఫికెట్ పేరు చెప్పి అడిగేవారి లాంటి వాళ్ళే వీళ్ళూను. ఫోన్ పెట్టేయండి.

ఏ పలక?

ఇప్పుడు మీరందరూ ఎదురు చూస్తున్న ప్రశ్న. ఏ పలక మంచిది?

సోలార్ సెల్ కొత్త వింత కాదు. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో మొదటి సిలికాన్ సెల్ చూపించినప్పుడు, పడిన ఎండలో నూటికి ఆరు పాళ్లే కరెంటు అయ్యేది. ఇవాళ బజారులో దొరికే మంచి పలక నూటికి 20 నుంచి 22 పాళ్లు ఇస్తున్నది. మన హైదరాబాదు చుట్టుపట్ల కూడా పలకలు తయారవుతున్నాయి.

బజారులో మూడు నాలుగు పేర్లు వినిపిస్తాయి. పాలీ అనేది పాత రకం. నీలంగా మెరుస్తుంది. ధర తక్కువ కాని ఎక్కువ చోటు పడుతుంది. మోనో పెర్క్ నల్లగా ఉంటుంది. తక్కువ చోటులో ఎక్కువ ఇస్తుంది. టాప్‌కాన్ దానికంటే కొత్తది. వేడిని కొంచెం బాగా తట్టుకుంటుంది. బైఫేషియల్ అంటే రెండు వైపులా పనిచేసేది. కింద నుంచి తిరిగి తగిలే వెలుతురును కూడా పట్టుకుంటుంది.

వేడి మాట ఎందుకన్నానంటే, పలకకు ఎండ కావాలి కాని వేడి పనికిరాదు. 25 డిగ్రీలు దాటిన ప్రతి డిగ్రీకి పలక నూటికి 0.3 నుంచి 0.35 పాళ్లు నష్టపోతుంది. మన రోహిణి కార్తె ఎండలో పలక ఒళ్ళు 65 డిగ్రీలకు పైగా కాలుతుంది. అంటే నూటికి 12 నుంచి 14 పాళ్ల నష్టం. ఇక్కడ పందిరికి ఒక మేలుంది. అడుగున గాలి ఆడుతుంది కనుక, రేకుల కప్పుకు అంటించిన పలకంత వేడెక్కదు. కింది నేలకు లేత రంగు బండలు ఉంటే బైఫేషియల్ పలక నాలుగు యూనిట్లు ఎక్కువే ఇస్తుంది. అందుకని పందిరికి నా ఓటు రెండు వైపులా గాజు ఉన్న బైఫేషియల్ పలకకే. అది మామూలు పలక కన్నా బరువు ఎక్కువ. చట్రం వేసేవాడికి ఈ సంగతి ముందే చెప్పాలి.

అయితే ఒక నిజం చెప్పాలి. రకానికీ రకానికీ మధ్య తేడా నూటికి అయిదారు పాళ్లే. నీడ పడితే పోయేది అంతకు ఎన్నో రెట్లు. పలకలను గొలుసులాగా వరుసగా కలుపుతారు. ఒక దాని మీద కొమ్మ నీడ పడితే ఆ గొలుసంతా మందగించే ప్రమాదం ఉంది. కాబట్టి ఏ కంపెనీ అని అడిగే ముందు ఏ చోటు అని అడగండి.

కొనేటప్పుడు నాలుగు చూసుకోండి. బీఐఎస్ ముద్ర ఉన్నదా. పలక వెనుక సీరియల్ నంబరు బిల్లులో రాశారా. పలక పనితనానికి 25 ఏళ్ళు, తయారీ లోపానికి కనీసం 10 ఏళ్ళు రాతపూర్వకంగా హామీ ఇచ్చారా. ఇన్వర్టరుకు ఎన్నేళ్ళు. అలాగే 2025 సెప్టెంబర్ 22 నుంచి పలకల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పాత రేటు వేసిన కొటేషన్ ఇస్తే అడగండి.

నీడను ఈ వారమే కొలవండి

ఈ సభ డిసెంబర్ 17న జరగడం మన అదృష్టం. సూర్యుడు దక్షిణాన అన్నిటికన్నా కిందికి దిగే రోజులివి. ఏడాదిలో పొడవైన మధ్యాహ్నపు నీడలు ఇప్పుడే పడతాయి. ఈ వారం నీడ పడని చోట మిగతా ఏడాదిలోనూ దక్షిణపు నీడ పడదు.

కామారెడ్డి 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, ఎల్లారెడ్డీ అంతే. ఇప్పుడు మిట్టమధ్యాహ్నం పది అడుగుల గోడ ఉత్తరానికి సుమారు తొమ్మిది అడుగుల నీడ వేస్తుంది. ఉదయం తొమ్మిది ప్రాంతంలో అదే గోడ నీడ 18 అడుగుల దాకా ఉంటుంది. అయితే గోడ మొత్తం ఎత్తు లెక్కకు రాదు. పలక కంటే పైన ఉన్న ఎత్తే లెక్క. పందిరి ఎనిమిది అడుగులు, దక్షిణాన ఉన్న మీ ఇల్లు పిట్టగోడతో కలిపి 13 అడుగులు అయితే, తేడా అయిదు అడుగులు. మధ్యాహ్నం నీడ నాలుగున్నర అడుగులు. పందిరిని ఇంటికి ఆనించకుండా అయిదారు అడుగులు జరిపితే చాలు.

ఎనిమిది అడుగుల కర్ర తీసుకొని పందిరి వేయదలచిన చోట నిలబెట్టండి. ఉదయం తొమ్మిదికి, పన్నెండుకు, మధ్యాహ్నం మూడుకు దాని కొస మీద ఎండ ఉందా, నీడ ఉందా రాసుకోండి. మనవడికి ఆ పని అప్పగిస్తే వాడికి పాఠం, మనకు లెక్క. పక్క స్థలం ఖాళీగా ఉంటే, రేపు అక్కడ మూడంతస్తులు లేస్తాయని కూడా అనుకోవాలి. నా ఇంటికి తూర్పున అలాగే లేచింది. ఉదయపు ఎండ పోయింది. ఎవరిని ఏమనగలం?

మా వియ్యంకుడుగారి పెరట్లో వేపచెట్టు మూడు దాటాక నీడ వేస్తుంది. విక్రేత వచ్చి, "చెట్టు కొట్టేయండి సార్" అని తేలికగా అన్నాడు. అది వారి నాన్నగారు నాటిన చెట్టు. మా వియ్యపురాలు నన్ను పిలిచి, "అన్నయ్యగారూ, మీరు చెప్పండి, కరెంటు కోసం చెట్టు కొట్టాలా?" అని అడిగారు. నేను లెక్క వేశాను. మూడు తరువాత వచ్చేది రోజు మొత్తం మీద చిన్న భాగమే. పందిరిని తూర్పుకు పది అడుగులు జరిపితే అందులోనూ సగం దక్కుతుంది. చెట్టు నిలిచింది. అదే తరువాత కోతులకు ఆసరా అయింది, అది వేరే కథ. కోతుల బాధ మన ఊళ్ళలో అందరికీ తెలిసినదే. వైర్లన్నీ గట్టి గొట్టంలో వేయించండి, వేలాడనివ్వకండి.

వాలు, ఎత్తు, నేల

పలకలు దక్షిణం వైపు వాలాలి. పుస్తకం ప్రకారం మనకు 18 డిగ్రీల వాలు. కాని పందిరికి అంత వాలు ఇస్తే గాలి ఎక్కువ పడుతుంది, ఒక పక్క బాగా ఎత్తవుతుంది. పది డిగ్రీలు చాలు. నష్టం నూటికి ఒకటి రెండు పాళ్లకు మించదు. పదికి తగ్గిస్తే మాత్రం వాన నీరు జారదు, దుమ్ము అంచున పేరుకుంటుంది. మే రెండో వారంలో ఒకసారి, జూలై చివర మరొకసారి సూర్యుడు మన నడినెత్తికి వస్తాడు. అందుచేత వేసవిలో వాలు తక్కువగా ఉండటమే మేలు.

ఆరు పలకలను అడ్డంగా, మూడు వరుసలుగా పెడితే పందిరి 15 అడుగుల పొడవు, 11 అడుగుల పైచిలుకు వెడల్పు అవుతుంది. దక్షిణపు స్తంభాలు ఎనిమిది అడుగులు, ఉత్తరపువి పది అడుగులు పెడితే పది డిగ్రీల వాలు వస్తుంది. ఇనుము వేడి జింకు పూత పూసినదై ఉండాలి. రంగు వేసిన మామూలు ఇనుము పలక కంటే ముందే తుప్పు పడుతుంది. పూత పూశాక వెల్డింగు చేస్తే ఆ చోట పూత పోతుంది కనుక బోల్టులతో బిగించడమే మంచిది. పలకల మధ్య సందుల్లో వాన కారుతుంది. రబ్బరు పట్టీలు, కింది అంచుకు నీటి గొట్టం ముందే వేయించుకోవాలి.

2025 ఆగస్టు 27, 28 తేదీల్లో కామారెడ్డి మీద కురిసిన కుండపోతను మనం మరచిపోలేదు. కాలనీల్లోకి నీళ్ళు వచ్చాయి. అందుకని ఇన్వర్టరును, స్విచ్చుల పెట్టెను నేలకు దగ్గరగా పెట్టవద్దు. గుండె ఎత్తుకు పైన, నీడ ఉన్న గోడకు పెట్టించండి. మెరుపులకు, ఇన్వర్టరుకు, పలకల చట్రానికి విడివిడిగా మూడు ఎర్తింగులు అడగండి.

వడగళ్ళ భయం గురించి కొందరు అడిగారు. 25 మిల్లీమీటర్ల మంచు గుండును గంటకు 80 కిలోమీటర్లకు పైగా వేగంతో కొట్టి పలకలను పరీక్షిస్తారు. మామూలు వడగళ్ళకు భయం లేదు. కోడిగుడ్డంత రాయి పడితే హామీ ఇవ్వలేము.

కొన్ని అపోహలు

సోలార్ ఉంటే కరెంటు పోయినా దీపం వెలుగుతుందని చాలామంది అనుకుంటారు. వెలగదు. బ్యాటరీ లేని గ్రిడ్ పద్ధతిలో లైను పోగానే ఇన్వర్టరు తనంతట తానే ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం కాపాడడానికే ఆ ఏర్పాటు. రాత్రి ఆక్సిజన్ యంత్రమో, మరొకటో వాడవలసిన ఇల్లయితే బ్యాటరీ ఉన్న పద్ధతి అడగండి. ఖర్చు పెరుగుతుంది.

మెయిన్ స్విచ్ ఆపితే పలకలు చల్లబడతాయన్నది రెండవ అపోహ. ఎండ ఉన్నంతసేపు పలకలో కరెంటు ఉంటుంది. ఆరు పలకల వరుసలో దాదాపు 300 వోల్టుల డీసీ ఉంటుంది. పందిరి చేతికందే ఎత్తులో ఉంటుంది కనుక పిల్లలకు ఈ మాట ముందే చెప్పండి. ఊగడానికి ఉయ్యాల దానికి కట్టకండి, బట్టల తీగ కట్టకండి.

తుడవడం తెల్లవారుజామునే. కాలుతున్న గాజు మీద చల్లని నీళ్ళు పోస్తే పగిలే ప్రమాదం ఉంది. మన బోరు నీళ్ళు ఎక్కువ చోట్ల ఉప్పు నీళ్ళు. ఆరితే తెల్లటి చారలు మిగులుతాయి. వాన నీళ్ళో, ఫిల్టరు నీళ్ళో వాడండి. సబ్బు వద్దు.

ఆడవారు అడిగే ప్రశ్న ఒకటుంది. ఈ పందిరి కింద బీర, చిక్కుడు పాకుతాయా? పాకవు. వాటికి ఎండ కావాలి. కాని తమలపాకు తీగ నీడలో బాగా వస్తుంది. వేసవిలో పుదీనా, కొత్తిమీర ఆ చల్లదనంలో నిలుస్తాయి. ఎల్లారెడ్డి పెరట్లో ఇప్పుడు పోయినసారి కంటే మంచి తమలపాకులు వస్తున్నాయి. నేను సాక్షిని.

చివరి మాట

మొన్న ఒక మిత్రుడు అడిగాడు. "పలకల ఆయుష్షు 25 ఏళ్ళు, నా ఆయుష్షు ఎంత? ఎందుకీ ఖర్చు?" అని. న్యాయమైన ప్రశ్నే. దానికి లెక్క ప్రకారం ఒక జవాబుంది. అయిదారేళ్ళలో డబ్బు తిరిగి వచ్చే ఇల్లయితే పెట్టండి, పన్నెండేళ్ళు పట్టేదయితే ఆ సొమ్మును మందులకు, అవసరాలకు బ్యాంకులోనే ఉంచుకోండి. రిటైర్మెంటు సొమ్ము ఒక్కసారే వస్తుంది. పిల్లలు ఒత్తిడి చేశారనో, పక్కింటివారు పెట్టారనో దాన్ని ఖర్చు చేయకండి.

లెక్క కుదిరినవారు మాత్రం తక్కువ ధరకు లొంగి పునాది దగ్గర పిసినారితనం చేయకండి. పలక పాడైతే మార్చుకోవచ్చు. పందిరి కింద కూర్చునేవాళ్ళు మన వాళ్ళు. ఆ సాయంత్రం మా వియ్యపురాలు మబ్బు చూడకపోయి ఉంటే ఈ ఉపన్యాసం ఉండేది కాదు. ఇప్పుడు మా మనవరాలు మళ్ళీ అదే చోట కూర్చొని చదువుకుంటున్నది. నేను ఎల్లారెడ్డి వెళ్ళినప్పుడల్లా మొదట ఆ నాలుగు స్తంభాలను చేత్తో ఊపి చూస్తాను. కదలవు. ఆ తరువాతే టీ తాగుతాను.

 బిల్లులు తెచ్చుకున్నవారు భోజనాల తరువాత నా దగ్గరకు రండి, కూర్చొని లెక్క వేద్దాము.